అధికారము – అర్థము – సంవిత్తు : చీరాల–పేరాల ఉదంతము వెలుగులో స్థానికపరిపాలన విచారము

1. అధికారశబ్ద విచారము

అధికారవికేంద్రీకరణము అను మాట శాసనసభలలోను, పత్రికలలోను, ఎన్నికల వేదికలపైనను నేడు విరివిగా వినవచ్చుచున్నది. ఈ సమాసమునందలి పూర్వపదమునకు లోకవ్యవహారమున ఆజ్ఞాపించు శక్తి యని యర్థము. మీమాంసకులు దీనిని వేఱొక విధముగా నిర్వచించిరి. జైమిని సూత్రములలోని షష్ఠాధ్యాయము అధికారమును విచారించునది. అచట అధికారమనగా ఫలస్వామ్యము, అనగా కర్మఫలమునకు తాను స్వామియై యుండుట. కర్మను నెఱవేర్చుటకు నియుక్తుడైనంతమాత్రమున పురుషుడు అధికారి కాడు. ఋత్విజుడు హోమము చేయును, ఫలము యజమానునిది. ఋత్విజుడు దక్షిణకై పని చేయువాడు, యజమానుడే అధికారి.

ఆ యధ్యాయముననే మఱియొక చర్చ కలదు. ద్రవ్యహీనునకు యాగమునం దధికారము కలదా, లేదా? ద్రవ్యము లేనివాడు ద్రవ్యసాధ్యమైన కర్మను చేయజాలడు కావున అతనికి అధికారము లేదని పూర్వపక్షము. ద్రవ్యము నిత్యమైన లక్షణము కాదు, నేడు లేనిది రేపు సంపాదింపవచ్చును, కావున ద్రవ్యహీనుడును అధికారియే యని సిద్ధాంతము. స్త్రీకి ధనస్వామ్యము గలదనియు, పతితో గూడి యాగమున నధికారము గలదనియు అచటనే నిర్ణయింపబడినది. చతుర్థవర్ణమును బహిష్కరించిన భాగమును ఆ యధ్యాయముననే యున్నది. ఆ భాగము నేటి విచారమునకు ప్రమాణము కాజాలదు.

ఈ రెండు నిర్ణయములను స్థానికపరిపాలనమునకు అన్వయించి చూడవచ్చును. గ్రామపంచాయతీ పైవారి పనులను నెఱవేర్చు ఋత్విజుని వంటిదా, స్వఫలమునకు స్వామియగు యజమానుని వంటిదా? ధనము లేదు కావున దానికి అధికార మీయరాదనుట పూర్వపక్షమా, సిద్ధాంతమా? గుంటూరు, ప్రకాశం సీమలందు జరిగిన చరిత్ర ఈ ప్రశ్నలకు ఉత్తరములు చెప్పుచున్నది.

2. స్మృతులందును అర్థశాస్త్రమునందును గ్రామము

మనుస్మృతి సప్తమాధ్యాయము ఒక గ్రామమునకు, పది గ్రామములకు, ఇరువదికి, నూటికి, వేయింటికి అధిపతులను చెప్పుచున్నది. గ్రామమున పుట్టిన దోషమును గ్రామికుడు తాను తీర్పజాలనప్పుడు దశగ్రామాధిపతికి నివేదింపవలెను; అతడు వింశతీశునకు; ఇట్లు క్రమముగా పైకి. క్రింద తీరగలది పైకి పోనక్కఱలేదను తాత్పర్యము ఇందు కలదు. అంతకంటె గమనింపదగినది వృత్తివిధానము. గ్రామవాసులు రాజునకు ప్రతిదినము ఈయవలసిన అన్నపానేంధనాదులు గ్రామికునకే చెందును. పది గ్రామముల యధిపతికి ఒక కులము, అనగా ఒక నిర్ణీతపరిమాణము గల భూమి. ఇరువదింటి యధిపతికి ఐదు కులములు. నూటి యధిపతికి ఒక గ్రామము. వేయింటి యధిపతికి ఒక పురము. పదవిని చెప్పిన వెంటనే దానికి ఆధారమైన ఆదాయమును స్మృతికర్త చెప్పినాడు. ఆదాయము లేని పదవి ఆ వరుసలో ఒక్కటియు లేదు. రక్షణకై నియుక్తులైన వారు తఱచుగా పరస్వము నపహరించువా రగుదురు గావున వారినుండి ప్రజలను రాజు కాపాడవలెననియు ఆ ప్రకరణముననే హెచ్చరించినాడు.

మనువు చెప్పిన గ్రామికుడు రాజనియుక్తుడు. కౌటిల్యుడు గ్రామమును ఒక సముదాయముగా గూడ గుర్తించినాడు. గ్రామమునకు వచ్చి కృషి కొప్పుకొని చేయని కర్షకునినుండి తీసికొను దండమును గ్రామమే గ్రహింపవలెనని తృతీయాధికరణమున విధించెను. దండము రాజకోశమునకు పోక గ్రామమునకే చెందుట ఇచట విశేషము. గ్రామకార్యమునకై పయనించు గ్రామికుని వెంట గ్రామవాసులు వంతులవారిగా నడువవలెను. నడువనివాడు ధనము చెల్లింపవలెను. సర్వహితమును పలుకు ఒక్కని యాజ్ఞనైనను అందఱును పాటింపవలెను. బాలుర ధనమును, దేవధనమును గ్రామవృద్ధులు వృద్ధి చేయవలెనని ద్వితీయాధికరణమున గలదు. గ్రామము ధనమును పొందుటకును, దాచుటకును, వ్యయించుటకును తగిన వ్యక్తిత్వము గలదిగా ఆ శాస్త్రమున కనబడుచున్నది.

ఈ సముదాయవ్యక్తిత్వమునకు మూలమేమి? యాజ్ఞవల్క్యుని సంవిద్వ్యతిక్రమ ప్రకరణము దీనికి సమాధానము. సంవిత్తనగా సమూహము కలిసి చేసికొన్న కట్టుబాటు. దానిని అతిక్రమించినవానికిని, గణద్రవ్యమును హరించినవానికిని సర్వస్వహరణమును, దేశబహిష్కారమును శిక్షలు. సమూహకార్యమునకై పంపబడినవాడు తనకు లభించిన దానిని సమూహమున కప్పగింపవలెను. అప్పగింపనిచో పదునొకండు రెట్లు చెల్లింపవలెను. విజ్ఞానేశ్వరుని మితాక్షరను పదుమూడవ శతాబ్దమున కేతన విజ్ఞానేశ్వరీయముగా తెనిగించుటచే ఈ ధర్మము తెలుగువారి వ్యవహారమున కందినది. కట్టుబాటు సమూహముచే చేయబడినది కావుననే అది సమూహమును కట్టును. పైనుండి విధింపబడినది శాసన మగును, సంవిత్తు కాదు.

3. గుంటూరు సీమలోని శాసనసాక్ష్యము

శాస్త్రవిధి ఆచరణమున నుండెనా యను శంక సహజము. భట్టిప్రోలు స్తూపమున దొరకిన ధాతుకరండముల లేఖనములు క్రీస్తుపూర్వపు మూడవ, రెండవ శతాబ్దములకు చెందినవిగా పండితులు నిర్ణయించిరి. వానియందు నిగమశబ్దమును, గోష్ఠీశబ్దముయొక్క ప్రాకృతరూపమును, ఆయా సముదాయములందలి వారి పేర్లును కానవచ్చుచున్నవి. కుబీరక రాజు సింహగోష్ఠికి ప్రముఖుడుగా అందు పేర్కొనబడెను. రాజు గోష్ఠిలో ప్రముఖుడుగా నుండుట వేఱు. గోష్ఠి రాజుయొక్క సృష్టి యగుట వేఱు. ఇచట మొదటిదే కనబడుచున్నది.

చీరాలకు సమీపమున సముద్రతీరముననున్న మోటుపల్లిలో కాకతి గణపతిదేవుని అభయశాసనము 1244–45 ప్రాంతమున వెలసినది. పూర్వపు రాజులు ఓడలు చెడి తీరమునకు కొట్టుకొనివచ్చినప్పుడు సరకు నంతయు లాగికొనెడివారనియు, ఇకమీదట నియతమైన శుల్కమును తప్ప మఱేమియు గ్రహింపమనియు ప్రభువు అందు ప్రకటించెను. పన్ను తీసికొనువాడు తన చేతులను తానే కట్టుకొని, ఆ కట్టుబాటును ఱాతిపై చెక్కించి, పన్ను చెల్లించువాని కంటియెదుట నిలిపెను. వర్తకులు ఆ తీరమునకు వచ్చుటకు ఈ నమ్మకమే ఆధారము.

పొరుగున నున్న తమిళదేశపు ఉత్తరమేరూరు శాసనములు (919, 921) మఱియొక యంగమును చూపుచున్నవి. సభయొక్క వారియములందు పూర్వము పని చేసి లెక్కలు అప్పగింపనివారును, వారి బంధువులును తిరిగి ఎన్నికకు అనర్హులని అచట నియమించిరి. సభకు ధనమున్నచో లెక్క యుండవలెను. లెక్క చెప్పవలసినది సభకే.

4. చీరాల–పేరాల

ఆంగ్లేయపాలనమున స్థానికస్వపరిపాలనమునకు 1882 నాటి రిప్పన్ ప్రభువు తీర్మానము ప్రసిద్ధమైన ఆరంభము. మద్రాసు రాజధానిలో 1884 నాటి స్థానికబోర్డుల చట్టము జిల్లాబోర్డులను, తాలూకాబోర్డులను, వానిక్రింద యూనియనులను నెలకొల్పెను. గుంటూరు జిల్లా బాపట్ల తాలూకాలో పరస్పరము ఆనుకొనియున్న చీరాల, పేరాలలును, వానితో చేరిన జాండ్రపేట, వీరరాఘవపేటలును ఇట్టి యొక యూనియనుగా నుండెను. జనాభా సుమారు 15,000. నేతగాండ్రు, చిన్న రైతులు, చర్మకారులు వారిలో పెక్కుమంది. యూనియను పన్ను సాలుకు సుమారు 4,000 రూపాయలు.

ప్రభుత్వము వీనిని కలిపి పురపాలకసంఘముగా ప్రకటించెను. 1920 నాటికి అది అమలులోనికి వచ్చెను. పన్ను సుమారు 40,000 రూపాయలకు పెరుగునని లెక్క తేలెను. పట్టణస్థాయిని తాము కోరలేదనియు, అంత భారమును మోయజాలమనియు ప్రజలు విన్నపములు పంపిరి. ఫలము లేకపోయెను. ప్రతినిధులు రాజీనామా లిచ్చిరి. పన్ను చెల్లింపనివారిపై అభియోగములు మోపబడెను, పన్నెండుమంది చెఱసాలకు పోయిరి, అందొకరు స్త్రీ.

ఇచట ఒక వైచిత్ర్యమును గుర్తింపవలెను. 1919 నాటి చట్టముచే ఏర్పడిన ద్వంద్వప్రభుత్వమున స్థానికస్వపరిపాలనము ప్రజాప్రతినిధులగు మంత్రులకు బదిలీ చేయబడిన శాఖ. మద్రాసులో 1920 డిసెంబరునుండి పానుగంటి రామారాయణింగారు ఆ శాఖకు మంత్రి. ఆర్థికశాఖ మాత్రము బదిలీ కాక గవర్నరు కార్యనిర్వాహకమండలి చేతిలోనే నిలిచినది. ప్రజలకు అప్పగించితిమని చెప్పిన శాఖకు కోశము లేదు. ఆ శాఖ క్రిందనున్న పట్టణమునకు సమ్మతి లేదు. అధికారమను పేరు రెండు చోట్లను నిలిచినది. వస్తువు రెండు చోట్లను లోపించినది.

ఉద్యమనాయకుడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య (1889–1928). ఎడింబరోలో చదివి ఎం.ఏ. పట్టమందినవాడు. నందికేశ్వరుని అభినయదర్పణమును ఆనందకుమారస్వామితో కలిసి ఆంగ్లమున పరివర్తించి 1917లో ప్రకటించిన సంస్కృతజ్ఞుడు. ఆయన స్థాపించిన విద్యాసంస్థకు ఆంధ్రవిద్యాపీఠగోష్ఠి యని పేరు. భట్టిప్రోలు లేఖనములలోని గోష్ఠీశబ్దము ఈ విధముగా ఆ సీమలోనే తిరిగి సంఘవాచక మైనది. ఆయన సేవకదళము రామదండు.

బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘసమావేశము ముగిసిన పిమ్మట గాంధీజీ 1921 ఏప్రిలు 6న చీరాలకు వచ్చెను. పన్ను నిరాకరించి శిక్షల నహింసతో భరించుట యొకటి, పురపాలకసంఘపు ఎల్లలను విడిచిపోవుట యొకటి – రెండు మార్గములు ఆయన సూచించెను. ఏ మార్గము నెంచుకొన్నను స్వశక్తిపైననే ఆధారపడవలెననెను. గోపాలకృష్ణయ్య రెండవదానిని గ్రహించెను. ఆ వేసవిలో సుమారు 13,000 మంది తమ యిండ్లను వీడి, ఎల్లలకు వెలుపల తాటియాకుల పందిళ్లలోను గుడిసెలలోను కాపురము పెట్టిరి. ఆ వాడకు రామనగరమని పేరిడిరి. రామదండు సేవకులు కావలికాచిరి. మగ్గములు అచటనే ఆడినవి. వాన, చలి, దారిద్ర్యము నడుమ పదునొకండు నెలలు అట్లు గడచినవి.

1921 చివరిభాగమున గోపాలకృష్ణయ్య బరంపురములో భాషణనిషేధమును ఉల్లంఘించినందుకు ఏడాది శిక్షపొంది తిరుచిరాపల్లి చెఱకు పోయెను. నాయకుడు లేక, వనరులు తఱిగి, 1922 ఆరంభమున జనులు తిరిగి ఇండ్లకు చేరిరి. పురపాలకసంఘమును ప్రభుత్వము అప్పటికి ఉపసంహరించుకొనలేదు.

5. పూర్వపక్షము, సమాధానము

ఈ యుదంతముపై బలమైన పూర్వపక్షము కలదు. జనము కిక్కిఱిసిన ఊళ్లకు మురుగుకాలువలు, మంచినీరు, వీధిదీపములు కావలెను. వానికి ధనము కావలెను. స్వపరిపాలనము కోరువారు దానికి వెల చెల్లింపకపోవుట న్యాయమా? పన్ను పెంపును ప్రతిఘటించుట స్వపరిపాలనమునకే విరోధము కాదా? నేడు ఇంటిపన్ను పెంచుటకు జంకు పంచాయతీలను చూచువారికి ఈ వాదము సబబుగానే తోచును.

సమాధానమిది. పట్టణమునకు పారిశుద్ధ్యము వలదని చీరాలవారు వాదింపలేదు. పన్ను నెవరు నిర్ణయింతురు, ఎంత నిర్ణయింతురు, చెల్లించువాని శక్తితో దానికి పొంతన కలదా యనునదే వివాదము. జలగ, దూడ, తుమ్మెద కొంచెము కొంచెముగా గ్రహించునట్లు రాజు పన్ను గ్రహింపవలెనని మనువు చెప్పియున్నాడు. నాలుగువేలు ఒక్కపెట్టున నలువదివేలగుట ఆ మూడు ప్రాణులలో దేనికిని చెల్లని పోలిక. ఇక ప్రతినిధులే రాజీనామా లిచ్చిన సంఘమున సంవిత్తు లేదు. సంవిత్తు లేనిచోట సంవిద్వ్యతిక్రమమను నేరమును లేదు. ప్రజలు కట్టుబాటును తప్పలేదు, కట్టుబాటే చేయబడలేదు.

అయినను పూర్వపక్షములో నిలిచియుండు భాగమును అంగీకరింపవలెను. రామనగరము త్యాగముచే నిలిచినది, పన్నుతో నిలువలేదు. త్యాగము పదునొకండు నెలలు మోయగల బరువును ఏండ్ల తరబడి మోయలేదు. వీధిని నిత్యము ఊడ్చుటకును, చెఱువును ఏటేట పూడిక తీయుటకును స్వచ్ఛందసేవ మాత్రము చాలదు. నియతమైన ఆదాయము కావలెను. రామనగరము సమ్మతియొక్క బలమును చూపినది. ఆదాయము లేని సమ్మతియొక్క పరిమితిని గూడ చూపినది. చీరాల పురపాలకసంఘమున ధనమార్గముండి సమ్మతి లేదు. రామనగరమున సమ్మతి యుండి ధనమార్గము లేదు. రెండును కుంటినడకలే.

6. అదే కాలమున మఱి రెండు ఉదాహరణములు

1921 చివర, 1922 ఆరంభములలో అదే జిల్లాలో మఱి రెండు పన్నుల వివాదములు చెలరేగినవి. నల్లరేగడి భూములుగల పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్యచౌదరి నాయకత్వమున రైతులు భూమిశిస్తు నిరాకరించిరి. గ్రామోద్యోగులు రాజీనామాలు సమర్పించుటతో వసూలుయంత్రము స్తంభించెను. కరణము, మునసబు ప్రభుత్వమునకు వసూలుదారులైనను ఊరివారే. ఊరు వారిని వెనుకకు పిలిచినప్పుడు ప్రభుత్వమునకు చేయి లేకపోయెను. 1922 ఫిబ్రవరిలో ఆ యుద్యమము నిలుపబడెను. పల్నాటిలో అడవిలో పశువులను మేపుకొనుటకు పుల్లరి చెల్లింపుమనిన ప్రభుత్వమును కన్నెగంటి హనుమంతు ఎదిరించి, ఆ ఫిబ్రవరిలోనే మించాలపాడు వద్ద కాల్పులలో ప్రాణములు కోల్పోయెను.

ఇంటిపన్ను, భూమిశిస్తు, పుల్లరి – మూడింటను వివాదమూలము ఒక్కటే. ఊరినుండి పోవు ధనముపై ఊరికి మాట లేదు.

7. స్వాతంత్ర్యానంతరము

రాజ్యాంగపు 40వ అధికరణము గ్రామపంచాయతీలను నెలకొల్పుమని రాజ్యమునకు నిర్దేశించెను. 1957 నాటి బల్వంతరాయ్ మెహతా సంఘనివేదిక ననుసరించి ఆంధ్రప్రదేశమున 1959 నవంబరు 1న పంచాయతీ సమితులు, జిల్లాపరిషత్తులు ఏర్పడినవి. 1984లో వంశపారంపర్య గ్రామోద్యోగములు రద్దయినవి; పిదప మండలములు వచ్చినవి. 1993 ఏప్రిలు 24న 73వ రాజ్యాంగసవరణ అమలులోనికి వచ్చెను. 1994లో రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టము వెలువడెను. స్మృతులకును, పూర్వపు సభలకును గల పెద్ద లోపమును ఈ సవరణ కొంతవఱకు తీర్చినది: దళితులకు, గిరిజనులకు, స్త్రీలకు స్థానము నిశ్చితమైనది. స్త్రీలకు రాజ్యాంగము మూడవవంతు నియ్యగా, ఆంధ్రప్రదేశమున 2013 పంచాయతీ ఎన్నికలనాటికి అది సగమైనది. అధికారలక్షణమున బహిష్కృతులైనవారు నేడు సర్పంచి పీఠముపై నున్నారు.

అర్థవిషయమున మాత్రము చట్టపుభాష జాగ్రత్తగా చదువదగినది. పదునొకండవ షెడ్యూలు 29 విషయములను పేర్కొన్నది. వానిని పంచాయతీలకు అప్పగించుటను 243జి అధికరణము రాష్ట్రశాసనసభ యిష్టమునకు వదలినది. పన్నుల విషయమున 243హెచ్ అధికరణము తీరును అంతే. మీమాంసకుల పరిభాషలో చెప్పినచో ఇది విధి కాదు, అనుజ్ఞ. అనుజ్ఞ ప్రవర్తింపజేయదు, ప్రవర్తించుటకు అడ్డు లేదనును. ఐదేండ్ల కొకమాఱు రాష్ట్ర ఆర్థికసంఘమును నియమింపవలెనను 243ఐ అధికరణము మాత్రము విధిరూపమున నున్నది. ఆ సంఘము చెప్పినది పాటింపవలెనను విధి లేదు.

ఆదాయపు తీరు చూడుడు. ఇంటిపన్ను, నీటిరుసుము పంచాయతీ స్వయముగా వసూలు చేయును. వృత్తిపన్నును, ఆస్తుల బదిలీపై సర్‌చార్జీని రాష్ట్రము వసూలుచేసి పిదప పంచును. గుంటూరు మిరపయార్డు దేశమున ప్రసిద్ధమైన విపణి. చుట్టుపట్ల గ్రామములలో పండిన మిర్చి అచటికే చేరును. మార్కెట్ రుసుము మార్కెట్ కమిటీకి చెందును, పండించిన గ్రామపంచాయతీకి కాదు. చీమకుర్తి నల్లఱాతిపై సీనరేజి రాష్ట్ర గనులశాఖ విధించునది. స్థానికసంస్థకు అందు పైవారు నిర్ణయించిన వాటాయే. ఊరి నేలపైని పంటయు, ఊరి నేలక్రింది ఱాయియు ధనమగుచున్నవి. ఆ ధనమునకు ఊరు స్వామి కాదు.

ఈ లోటును కేంద్రనిధులు కొంత పూడ్చుచున్నవి. పదునైదవ ఆర్థికసంఘము 2021–26 కాలమునకు గ్రామీణస్థానికసంస్థలకు 2,36,805 కోట్ల రూపాయలను సిఫారసు చేసెను. అందు నూటికి 60 వంతులు తాగునీరు, పారిశుద్ధ్యము మొదలగు నిర్దిష్టకార్యములకే వెచ్చింపవలెను. ఉద్దేశము మంచిదే. పనిని పైవారు నిర్ణయించి, ధనమును పైవారిచ్చి, నెఱవేర్పు మాత్రము పంచాయతీకి విడుచుట ఋత్విజుని స్థితి. మిగిలిన భాగమునకైనను రక్షణ చాలదని 2021లో తెలిసినది. ఆంధ్రప్రదేశమున పంచాయతీల ఆర్థికసంఘనిధులను విద్యుత్ బకాయిలకు సర్దుబాటు చేయగా సర్పంచులు పలుచోట్ల నిరసన తెలిపిరి. వీధిదీపపు విద్యుత్తునకు వెల చెల్లింపవలసినదే. కాని సమూహధనమును సమూహపు తీర్మానము లేక తీసికొనుట యాజ్ఞవల్క్యుని ప్రకరణమున కెట్లు సరిపడును? 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామసచివాలయములు సేవలను ఊరి గడపకు తెచ్చినవి. అందలి ఉద్యోగులు రాష్ట్రప్రభుత్వముచే నియుక్తులైనవారు. సేవ దగ్గఱకు వచ్చుట వేఱు, స్వామ్యము వచ్చుట వేఱు.

8. నిగమనము

పైవిచారమువలన మూడు విషయములు సిద్ధించుచున్నవి. మొదటిది: పంచాయతీలకు ధనసామర్థ్యము లేదు కావున అధికార మీయరాదను వాదము ద్రవ్యహీనుని గూర్చిన పూర్వపక్షమునకు సమానము, ద్రవ్యము సంపాద్యము కావున ఆ వాదము నిలువదు. రెండవది: పదవితోపాటు ఆదాయమును చెప్పని వికేంద్రీకరణము మనుస్మృతిలోని గ్రామికుని స్థాయికైనను రాదు. ఊరి పంటపై, ఊరి ఱాతిపై వచ్చు రాబడిలో నియతభాగమును చట్టమే నిర్ణయించి, మోటుపల్లి శాసనమువలె అందఱికి కనబడునట్లు ప్రకటింపవలెను. మూడవది: ధనము వచ్చినను సమ్మతి లేనిచో చీరాల పురపాలకసంఘపు గతియే పట్టును. నేటి చట్టమున సంవిత్తునకు స్థానము గ్రామసభ. 1994 చట్టము దానిని ఏటా కనీసము రెండుమాఱులు జరుపుమన్నది. పన్ను పెంపును, వ్యయపు లెక్కను ఆ సభ ముందుంచి, అచట అడుగబడిన ప్రశ్నలకు సమాధానము చెప్పి తీర్మానించిన పంచాయతీకి ఇంటిపన్ను పెంచుటకు జంకు అక్కఱలేదు.

చీరాల 1970లో గుంటూరు జిల్లానుండి, పిదప ప్రకాశమని పేరొందిన ఒంగోలు జిల్లాకు మాఱినది. 2022 ఏప్రిలు 4న బాపట్ల జిల్లాలో చేరినది. పైనున్న ఎల్లలు ఇట్లు మాఱుచునే యుండును. ఊరిలో పన్ను చెల్లించు కుటుంబము మాత్రము అచటనే యుండును. ఆ కుటుంబము తాను చెల్లించిన రూపాయి యెట వ్యయమైనదో గ్రామసభలో అడిగి తెలిసికొనగలిగిననాడు పంచాయతీ ఋత్విక్‌స్థానమునుండి యజమానస్థానమునకు వచ్చినదని చెప్పవచ్చును.